ఆటస్థలం వదిలి పొలానికి వచ్చిన బండి

హైదరాబాదులోని నెహ్రూ జంతుప్రదర్శనశాలకు వెళ్ళినవారు అక్కడ చప్పుడు చెయ్యకుండా తిరిగే బ్యాటరీ బండ్లను చూసే ఉంటారు. పెద్ద రైల్వే స్టేషన్లలో నడవలేని వృద్ధులను ప్లాట్‌ఫారం వెంట చేరవేసే బండ్లు కూడా ఆ కోవకు చెందినవే. వాటికి తలుపులుండవు. పొగ రాదు. బాగా పరుగెత్తగల కుర్రవాడు కాస్త పట్టుదల చూపిస్తే దాన్ని దాటిపోగలడు కూడా. ఈ బండ్ల వంశంలో పెద్దన్న ఒకడు అమెరికాలో ఉన్నాడు. పేరు గోల్ఫ్ కార్టు.

పేరును బట్టే తెలుస్తున్నది, అది ఆట కోసం పుట్టిన బండి అని. కాని ఇవాళ అమెరికా పల్లెల్లో దాని చేత చేయించుకునే పనులు చూస్తే ఆట సంగతి ఎవరికీ గుర్తు రాదు. కంచె బాగుచెయ్యడానికి ముళ్ళతీగ చుట్టలు మోస్తుంది. గుర్రాలకు ఎండుగడ్డి మోపులు, పశువులు నాకే ఉప్పుదిమ్మలు చేరవేస్తుంది. తోటలో కోసిన ఆపిలు పళ్ళ బుట్టలు, చలికాలానికి కట్టెలు, మొక్కలకు నీళ్ళ పీపాలు అన్నీ దాని వీపు మీదే. మోకాళ్ళ నొప్పులతో పొలం చివరిదాకా నడవలేని ముసలి రైతుకు అదే కాళ్ళు.

నున్నగా కత్తిరించిన పచ్చిక మీద ఇద్దరు ఆటగాళ్ళను మోయడానికి తయారైన ఈ సుకుమారపు బండి పొలం పనికి ఎలా పనికి వచ్చింది? అందులో ఉన్న శక్తి ఎంత? ఆ శక్తి ఎక్కడికి వస్తుంది, ఎక్కడ చాలదు? మీరు తరగతిలో చదువుకునే భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం రెండూ చేతికి అందేంత దగ్గరగా కనిపించే యంత్రం ఇది. అందుకే దీని కథ కాస్త తీరిగ్గా చెప్పుకుందాం.

గోల్ఫు ఆటస్థలం మన క్రికెట్ మైదానం లాంటిది కాదు. పద్ధెనిమిది గుంటలలోకి ఒకదాని తరవాత ఒకటిగా బంతిని కొట్టుకుంటూ పోవాలి. ఆట ముగిసేసరికి ఆరేడు కిలోమీటర్ల నడక అవుతుంది. ఆటగాడి సంచిలో పద్నాలుగు దాకా కర్రలుంటాయి. పూర్వం ఆ సంచిని మోయడానికి కుర్రవాళ్ళు వెంట నడిచేవారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో పెట్రోలుకు రేషను పెట్టారు. అప్పుడు చిన్న చిన్న విద్యుత్ బండ్ల తయారీ సాగింది. ఆ పనిలో అనుభవం గడించిన మెర్ల్ విలియమ్స్ అనే ఆయన మార్కెటీర్ అనే తన కంపెనీ ద్వారా 1951లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని రెడ్‌లాండ్స్‌లో విద్యుత్ గోల్ఫు బండ్లు తయారుచెయ్యడం మొదలుపెట్టాడు. 1954లో జార్జియా రాష్ట్రంలోని అగస్టా పట్టణంలో ఈ-జీ-గో అనే కంపెనీ పుట్టింది. ఆ తరవాత మరికొన్ని కంపెనీలు రంగంలోకి దిగాయి. మోటారు సైకిళ్ళకు పేరుపొందిన హార్లీ డేవిడ్‌సన్ కూడా 1960లలో ఈ బండ్లు చేసింది!

మరి పొలానికి ఎలా చేరాయి? గోల్ఫు క్లబ్బులు డజన్లకొద్దీ బండ్లను ఒకేసారి తీసుకుంటాయి. నాలుగైదు ఏళ్ళు వాడి, అన్నింటినీ ఒక్కసారే మార్చేస్తాయి. అలా వచ్చిన పాత బండ్లు తక్కువ ధరకు అమ్మకానికి దొరుకుతాయి. 2022 వ్యవసాయ గణాంకాల ప్రకారం అమెరికాలో సగటు వ్యవసాయ క్షేత్రం విస్తీర్ణం 460 ఎకరాల పైచిలుకు. మన దగ్గర అయితే అది ఒక చిన్న ఊరి పొలమంతా! అంత పెద్దవి కాకపోయినా, ఐదారు ఎకరాల మధ్య ఇల్లు కట్టుకుని రెండు గుర్రాలు, నాలుగు కోళ్ళు పెంచుకునేవారు అక్కడ చాలామంది ఉన్నారు. ఇంటి నుంచి రోడ్డు మీది తపాలా పెట్టె దాకా వెళ్ళాలన్నా ఒక్కోచోట అర కిలోమీటరు. ప్రతి చిన్న పనికీ పెద్ద ట్రక్కును స్టార్టు చెయ్యడం దండగ. అక్కడ సరిగ్గా సరిపోయింది ఈ పాత బండి. వెనక గోల్ఫు సంచులు నిలబెట్టే చోటును విప్పేసి, అక్కడ ఒక చెక్క పెట్టెనో ఇనుప తొట్టినో బిగించారు. పొలం బండి తయారు.

లీటరు పెట్రోలుకు సరిరాని శక్తి

ఇప్పుడు లెక్క చూద్దాం. ఈ లెక్క కాస్త ఆశ్చర్యం కలిగిస్తుంది.

పాతరకం విద్యుత్ కార్టులో సీటు కింద ఆరు బ్యాటరీలుంటాయి. ఒక్కొక్కటి 6 వోల్టులది. వాటిని శ్రేణిలో కలుపుతారు కాబట్టి మొత్తం 36 వోల్టులు. ఒక్కో బ్యాటరీ సామర్థ్యం సుమారు 225 ఆంపియర్ గంటలు. వోల్టులను ఆంపియర్ గంటలతో గుణిస్తే 8,100 వాట్ గంటలు వస్తాయి. అంటే మన కరెంటు బిల్లులో వేసే యూనిట్లలో చెప్పాలంటే ఎనిమిది యూనిట్లు. ఈ ఎనిమిది యూనిట్లను మోయడానికి ఆరు బ్యాటరీలూ కలిసి సుమారు 170 కిలోల బరువున్నాయి.

మరి ఒక లీటరు పెట్రోలును మండిస్తే ఎంత శక్తి వస్తుంది? దాదాపు తొమ్మిది యూనిట్లు! ఆ లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో మాత్రమే.

అయితే ఈ పోలికను ఇక్కడే ఆపితే బ్యాటరీకి అన్యాయం చేసినట్లే. చిన్న పెట్రోలు ఇంజను తనలో మండిన ఇంధనంలో ఐదో వంతును మాత్రమే చక్రానికి అందిస్తుంది. మిగిలినదంతా వేడిగా, పొగగా పోతుంది. అంటే లీటరుకు రెండు యూనిట్లు కూడా దక్కవు. విద్యుత్ మోటారు అలా కాదు. మోటారులో, గేర్లలో అన్ని నష్టాలూ పోను ముప్పాతిక వంతు చక్రానికి చేరుతుంది. బ్యాటరీలను పూర్తిగా ఖాళీ చెయ్యకూడదు, సగం మాత్రమే వాడుకోవాలి. ఎందుకో తరవాత చెబుతాను. సగం అంటే నాలుగు యూనిట్లు. అందులో ముప్పాతిక మూడు యూనిట్లు. అంటే 170 కిలోల బ్యాటరీలు చేసే పని లీటరున్నర పెట్రోలు చేసే పనికి సమానం. ఇంత బక్క శక్తితో పొలం పనా అనిపిస్తుంది కదూ?

కాని పనికి ఎంత శక్తి కావాలో కూడా చూడాలి. బండి, బ్యాటరీలు, ఇద్దరు మనుషులు, కొంచెం సామాను కలిపి 750 కిలోలనుకుందాం. గట్టి మట్టి బాట మీద టైర్లు దొర్లడానికి అయ్యే నిరోధం బరువులో నూటికి నాలుగు వంతులు ఉంటుందనుకుంటే, అది సుమారు 300 న్యూటన్లు. కిలోమీటరు దూరం నడవాలంటే చెయ్యవలసిన పని 300 న్యూటన్లు × 1,000 మీటర్లు, అంటే మూడు లక్షల జౌళ్ళు. ఒక యూనిట్‌లో 36 లక్షల జౌళ్ళున్నాయి. కాబట్టి చక్రానికి చేరిన ఒక్కొక్క యూనిట్‌తో 12 కిలోమీటర్లు పోవచ్చు. మూడు యూనిట్లతో 36 కిలోమీటర్లు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పొలంలో ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగినా అది సరిపోతుంది.

గాలి నిరోధాన్ని ఈ లెక్కలో వదిలేశాను, గమనించారా? గాలి నిరోధం వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు గాలే పెద్ద శత్రువు. ఇరవై కిలోమీటర్ల వేగంలో అది దాదాపు లెక్కలోకి రాదు. నెమ్మదే ఈ బండికి పెన్నిధి.

చదునైన నేల సంగతి అది. పది మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎక్కే వాలు వచ్చిందనుకోండి. ఇప్పుడు నిరోధంతో పాటు బరువులో పదో వంతును కూడా పైకి లాగాలి. అది 735 న్యూటన్లు. మొత్తం 1,035. అంటే మూడున్నర రెట్లు పెరిగింది! కొండవాలు పొలాలున్నవారు తమ బండి చదునునేల మీద పోయే దూరంలో సగం కూడా పోవడంలేదని చెప్పుకోవడానికి కారణం ఇదే. బ్యాటరీలో దోషమేమీ లేదు. న్యూటన్ అడిగిన సుంకం అది.

నిలబడ్డప్పుడే ఎక్కువ బలం

కార్టు మోటారు సామర్థ్యం మూడు అశ్వసామర్థ్యాలు అటూ ఇటూగా ఉంటుంది. చిన్న స్కూటరు ఇంజనుకు ఇంతకు రెండు రెట్లుంటుంది. అయినా నాలుగు మోపుల గడ్డితో మట్టిలో నిలబడ్డ బండిని కార్టు కదిలించినట్లు స్కూటరు ఇంజను కదిలించలేదు. పెట్రోలు ఇంజను తిరుగుతూ ఉంటేనే బలం ఇస్తుంది. తిరగని ఇంజనుకు బలమే లేదు. అందుకే దానికి క్లచ్చి, గేర్లు కావాలి. పాత కార్టులలో వాడిన శ్రేణి మోటారు సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. అది ఆగి ఉన్నప్పుడే అన్నింటికంటె ఎక్కువ బలంతో ఇరుసును మెలిపెడుతుంది. ఈ మెలిపెట్టే బలాన్నే టార్క్ అంటారు.

ఎందుకలా? మోటారు తిరుగుతున్నప్పుడు అది డైనమోలాగా కూడా పనిచేసి, బ్యాటరీకి ఎదురుగా ఒక విద్యుచ్చాలక బలాన్ని పుట్టిస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ ఎదురు బలం పెరిగి, ప్రవాహం తగ్గుతుంది. ఆగి ఉన్న మోటారులో ఆ ఎదురు బలం ఉండదు. తీగచుట్టల స్వల్ప నిరోధం తప్ప అడ్డే లేదు కాబట్టి వందల ఆంపియర్లు దూకుతాయి.

ఇది మీరే చూడవచ్చు. పాత బొమ్మకారులోంచి మోటారు తీసి, దానికి శ్రేణిలో ఒక టార్చిలైటు బల్బు, రెండు టార్చి సెల్లులు కలపండి. మోటారు స్వేచ్ఛగా తిరుగుతుంటే బల్బు మసకగా ఉంటుంది. ఇప్పుడు ఇరుసును వేళ్ళతో పట్టుకుని ఆపండి. బల్బు కాంతి పెరుగుతుంది! మోటారు ఆగగానే ప్రవాహం పెరిగిందన్నమాట.

ఈ వరంలోనే శాపం కూడా ఉంది. చెరువుగట్టు లాంటి ఎత్తు మీద, బ్రేకు వెయ్యకుండా, యాక్సిలరేటరును కొద్దిగా తొక్కి బండిని కదలకుండా నిలబెట్టే అలవాటు కొందరికి ఉంటుంది. అప్పుడు మోటారు తిరగడంలేదు, కాని దానిలో వందల ఆంపియర్లు పారుతున్నాయి. ఆ శక్తి అంతా వేడిగా మారుతుంది. రెండు మూడు నిమిషాలలో కాలిన వాసన వస్తుంది.

దిగేటప్పుడు ఇంకో ప్రమాదం. వెనక ఇరుసులో పళ్ళచక్రాల అమరిక వల్ల చక్రం ఒకసారి తిరగడానికి మోటారు పన్నెండు సార్లు తిరగాలి. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 230 చుట్లు తిరిగితే, మోటారు సుమారు 2,800 చుట్లు తిరుగుతుంది. వాలులో వదిలేస్తే బండి 40 అందుకుంటుంది. మోటారు అప్పుడు 5,600 చుట్లు తిరగవలసి వస్తుంది. ఆ వేగానికి లోపలి రాగి భాగాలు చెదిరిపోగలవు. 1990లలో వచ్చిన కొత్తరకం బండ్లలో దీనికి విరుగుడు కనిపెట్టారు. దిగేటప్పుడు మోటారు డైనమోగా మారి బండిని వెనక్కి పట్టి, కొంచెం విద్యుత్తును బ్యాటరీకి తిరిగి ఇస్తుంది.

వేగాన్ని అదుపుచేసే పద్ధతి కూడా మారింది. తొలి బండ్లలో నిరోధపు తీగచుట్టలుండేవి. నెమ్మదిగా పోవాలంటే కొంత విద్యుత్తును ఆ చుట్టలలో వేడిగా తగలెయ్యాలి. నెమ్మదిగా పోయినా పొదుపు లేదన్నమాట! తరవాతి కాలపు ఎలక్ట్రానిక్ నియంత్రకం అలా చెయ్యదు. అది సెకనుకు కొన్ని వేల సార్లు విద్యుత్తును కలుపుతూ, తెంచుతూ ఉంటుంది. ఎంతసేపు కలిపి ఉంచితే అంత వేగం.

వెనక్కి నడపడంలో ఒక చిన్న తమాషా ఉంది. బొమ్మ మోటారుకు సెల్లును తిరగేసి కలిపితే అది ఎదురుదిక్కుకు తిరుగుతుంది. శ్రేణి మోటారుకు బ్యాటరీ తీగలు తారుమారు చేస్తే అది మళ్ళీ ముందుకే తిరుగుతుంది! బొమ్మ మోటారులో ఉన్నది శాశ్వత అయస్కాంతం. శ్రేణి మోటారులో అయస్కాంతాన్ని కూడా అదే ప్రవాహం పుట్టిస్తుంది కనుక, తిరిగే చుట్టలోనూ అయస్కాంతపు చుట్టలోనూ ప్రవాహం ఒకేసారి దిశ మారుతుంది. రెండు మార్పులు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే కార్టులోని రివర్సు మీట రెండు చుట్టలలో ఒకదానిని మాత్రమే తిరగేస్తుంది.

సీసమూ ఆమ్లమూ చేసే కాపురం

పొలంలో ఈ బండి బతుకు బ్యాటరీల మీదే ఆధారపడి ఉంది. బండి చెడిపోయిందని మూలకు తోసేసినవాటిలో చాలావాటికి నిజంగా చచ్చింది బ్యాటరీలే. మొత్తం ఆరింటినీ మార్చాలంటే పాత బండిని కొన్న ధరలో పెద్ద భాగం మళ్ళీ పెట్టవలసి వస్తుంది.

బ్యాటరీలో ఒక పలక సీసం, ఇంకో పలక సీసపు డయాక్సైడు. రెంటి మధ్య నీళ్ళు కలిపిన గంధకికామ్లం, అంటే సల్ఫ్యూరిక్ ఆమ్లం. విద్యుత్తు వాడుకుంటున్నప్పుడు రెండు పలకల మీదా సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది, ఆమ్లం పలచబడి నీరు పెరుగుతుంది. ఛార్జి చేస్తే ఇదంతా వెనక్కి జరుగుతుంది. అందుకే ఆమ్లం చిక్కదనం చూస్తే బ్యాటరీ కడుపులో ఎంత మిగిలిందో తెలుస్తుంది. పాలలో నీళ్ళు కలిపారేమోనని లాక్టోమీటరు ముంచి చూసే సూత్రమే ఇది! హైడ్రోమీటరు ముంచినప్పుడు సాపేక్ష సాంద్రత 1.27 దగ్గర ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్లు, 1.12 దాకా దిగితే ఖాళీ అయినట్లు.

కారు బ్యాటరీ కూడా సీసపుదే కదా, దాన్నే పెట్టుకోవచ్చు గదా అని అడగవచ్చు. కారు బ్యాటరీ ఇంజనును స్టార్టు చెయ్యడానికి కొన్ని సెకన్లు పెద్ద ప్రవాహం ఇవ్వాలి. అందుకని దానిలో పలచని పలకలు ఎక్కువగా ఉంటాయి. ఆ తరవాత ఇంజను దాన్ని వెంటనే నింపేస్తుంది. అది పొట్ట ఖాళీ చేసుకోవలసిన అవసరమే రాదు. కార్టు బ్యాటరీ రోజూ సగం దాకా ఖాళీ కావాలి. ప్రతిసారీ పలక మీది పదార్థం ఉబ్బి, తగ్గి, కొంచెం కొంచెంగా రాలిపోతుంది. పలచని పలకలు దీనికి తట్టుకోలేవు. అందుకే కార్టు బ్యాటరీలకు మందపాటి పలకలు పెడతారు. అయినా, ఎంత లోతుగా ఖాళీ చేస్తే ఆయుర్దాయం అంత తగ్గుతుంది. సగం మించి వాడవద్దని ఇందాక చెప్పింది ఇందుకే.

ఇంకా పెద్ద తప్పు, వాడిన బ్యాటరీని ఛార్జి చెయ్యకుండా వారాల తరబడి వదిలెయ్యడం. కొత్తగా ఏర్పడిన సీసపు సల్ఫేటు మెత్తని చిన్న రేణువులుగా ఉంటుంది, ఛార్జి చేస్తే సులువుగా కరుగుతుంది. వదిలేస్తే అది గట్టి స్ఫటికాలుగా పెరుగుతుంది. ఇక దాన్ని కరిగించడం కష్టం. పొలం పని చలికాలంలో తగ్గుతుంది కాబట్టి అమెరికా రైతు బండిని కొట్టంలో పెట్టి మరిచిపోతాడు. అక్కడి చలికి మరో ముప్పు కూడా ఉంది. నిండుగా ఛార్జి అయిన బ్యాటరీలోని చిక్కని ఆమ్లం సున్నకు 50 డిగ్రీల కిందకు పోయినా గడ్డకట్టదు. ఖాళీ బ్యాటరీలో ఉన్నది దాదాపు నీరే. అది సున్నకు పది డిగ్రీల కిందనే గడ్డకట్టి, పెట్టెను పగలగొడుతుంది. బద్ధకానికి వసంతకాలంలో బిల్లు వస్తుంది.

ఛార్జి పూర్తయ్యే వేళకు నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా బయటికి పోతుంది. అలా తగ్గిన నీటిని అప్పుడప్పుడు స్వేదనజలంతో భర్తీ చెయ్యాలి. బావినీళ్ళు పోస్తే అందులోని లవణాలు పలకలను పాడుచేస్తాయి. గాలిలో హైడ్రోజన్ నూటికి నాలుగు వంతులు చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు భగ్గుమంటుంది. కాబట్టి గాలి ఆడే చోటనే ఛార్జి చెయ్యాలి. బ్యాటరీల మీద ఇనుప పానా జారిపడి రెండు ధ్రువాలను కలిపితే పానా ఎర్రగా కాలి కరగగలదు. ఈ పని పెద్దవాళ్ళదే. మీరు చూడవచ్చు, చెయ్యి పెట్టకూడదు.

శ్రేణిలో కలపడం వల్ల ఒక చిక్కు ఉంది. ఆరింటిలోనూ పారేది ఒకే ప్రవాహం. ఒకటి బలహీనపడిందంటే మిగిలిన ఐదూ ఎంత బలంగా ఉన్నా బండి ఆగిపోతుంది. ఒకే కాడికి కట్టిన ఎద్దులలో ఒకటి కుంటిదైతే రెండోది ఎంత కోడెదైతే ఏం లాభం? ఇటీవలి బండ్లలో లిథియం బ్యాటరీలు వస్తున్నాయి. అదే శక్తికి బరువు ఎంతో తక్కువ, నీళ్ళు పొయ్యవలసిన పని లేదు, కాని ధర ఎక్కువ. పాత బండ్లు నడిచేచోట ఇంకా సీసానిదే రాజ్యం.

బొమ్మ కాదు

చిన్నగా, నెమ్మదిగా, చప్పుడు లేకుండా ఉంటుంది కాబట్టి అమెరికాలో చాలామంది దీన్ని పిల్లల చేతికి ఇచ్చేస్తారు. జార్జియాలోని పీచ్‌ట్రీ సిటీ అనే పట్టణంలో ఈ బండ్ల కోసమే 150 కిలోమీటర్లకు పైగా ప్రత్యేకమైన బాటలున్నాయి. హైస్కూలు విద్యార్థులు వాటిలో బడికి వెళతారు. అక్కడ బాటలు చదును, నియమాలు ఉన్నాయి. పొలంలో రెండూ ఉండవు. ఆ దేశంలో ఏటా వేలమంది ఈ బండ్ల వల్ల గాయపడి ఆస్పత్రులకు వస్తున్నారు. వారిలో పిల్లలు చాలామంది. చాలా దెబ్బలు ఇంకో బండిని ఢీకొనడం వల్ల కాదు, బండిలోంచి జారిపడడం వల్ల తగిలినవి.

గంటకు 20 కిలోమీటర్లంటే సెకనుకు 5.6 మీటర్లు. ఐదు మీటర్ల వ్యాసార్ధంతో బండిని మలుపు తిప్పామనుకోండి. వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే త్వరణం 6.3 వస్తుంది. ఇది గురుత్వ త్వరణంలో దాదాపు మూడింట రెండు వంతులు. అంటే 30 కిలోల పిల్లవాడిని 19 కిలోల బరువు పక్కకు లాగుతున్నట్లు ఉంటుంది. నున్నటి సీటు, తలుపు లేదు, నడుముకు పట్టీ లేదు, కాళ్ళు నేలకు ఆనవు. అమెరికాలో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు. అతను ఎడమకు తిప్పితే కుడిపక్కనున్న పిల్లవాడు సరళరేఖలో వెళ్ళిపోతాడు, జడత్వ నియమం ప్రకారం. వెనక్కి తిరిగి కూర్చునే సీటు ఇంకా చెడ్డది. బండి ఎగిరి ముందుకు దూకితే అక్కడ కూర్చున్నవాళ్ళు ఉన్నచోటనే ఉండిపోతారు, కింద బండి ఉండదు!

బండి మొత్తం బోల్తా పడే సంగతి గరిమనాభి మీద ఆధారపడి ఉంటుంది. రెండు చక్రాల నడిమి దూరం 90 సెంటీమీటర్లు, మనుషులతో కలిపి గరిమనాభి నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకోండి. దూరంలో సగాన్ని ఎత్తుతో భాగిస్తే 0.64. పక్కకు తోసే త్వరణం గురుత్వ త్వరణంలో ఇన్ని వంతులు దాటితే లోపలి చక్రం నేల విడుస్తుంది. ఇందాకటి మలుపు సరిగ్గా ఆ అంచు మీదే ఉంది. పొలాల్లో రాళ్ళు తగలకుండా కొందరు బండిని 15 సెంటీమీటర్లు ఎత్తు చేయించి పెద్ద టైర్లు వేయించుకుంటారు. అప్పుడు ఎత్తు 85, ఫలితం 0.53. చూడడానికి దర్జాగానే ఉంటుంది గాని, పాత మలుపులో పాత వేగంతో పోతే ఇక నిలబడదు. పక్కవాలు నేల మీద ఇంకా త్వరగా పడుతుంది.

చాలా కార్టులకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. వాలు దిగుతూ బ్రేకు వేస్తే బరువు ముందు చక్రాల మీదికి జరుగుతుంది. వెనక చక్రాలు తేలికై, తడిగడ్డి మీద పట్టు తప్పి, బండి తోక పక్కకు తిరుగుతుంది. వాలు దిగే ముందే వేగం తగ్గించుకోవాలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. అమెరికా ప్రభుత్వం 1998లో ఒక గీత గీసింది. గంటకు 32 కిలోమీటర్లు దాటి 40 దాకా పోగల చిన్న బండ్లను తక్కువ వేగపు వాహనాలని పేరుపెట్టి, వాటికి సీటు పట్టీలు, దీపాలు, అద్దాలు ఉండి తీరాలన్నది. అంతకంటె నెమ్మది అయిన మామూలు గోల్ఫు కార్టుల సంగతి రాష్ట్రాలకు వదిలేసింది. సొంత పొలంలో తిరిగే బండికి యజమాని వివేకమే నియమం.

దీనికి చేతకాని పనులూ ఉన్నాయి. తోలేది వెనక చక్రాలే కాబట్టి లోతు బురదలో కూరుకుపోతుంది. దుక్కి దున్నలేదు, బరువైన తొట్టిని గుట్ట ఎక్కించలేదు. ఛార్జి చేసుకునే వీలులేని దూరపు క్షేత్రాలకు పెట్రోలు కార్టులు వాడతారు. వాటి ఇంజను యాక్సిలరేటరు తొక్కితే మొదలై, వదిలితే ఆగిపోతుంది. ఇంకా మోటు పనికి వేరే బండ్లు వచ్చాయి. 1988లో కవాసాకీ కంపెనీ తెచ్చిన పొలం బండికి మ్యూల్ అని పేరు. మ్యూల్ అంటే కంచరగాడిద. పేరు బాగానే కుదిరింది. అయినా పాత గోల్ఫు కార్టును వాడేవారు దాని గురించి ముందుగా చెప్పేది బలం గురించి కాదు, నిశ్శబ్దం గురించి. మందలోకి వెళ్ళినా పశువులు బెదరవు. ఎక్కడో తప్పిపోయిన దూడ అరుపు వినిపిస్తుంది. పగిలిన నీళ్ళగొట్టం చేసే బుసబుస వినిపిస్తుంది. ఇంజను మోతలో ఇవేవీ వినపడవు.

కొందరు బండి కప్పు మీద సౌరఫలకం బిగిస్తున్నారు. అదెంత పని చేస్తుందో చూద్దాం. కప్పు మీద చదరపు మీటరున్నర ఫలకం పడుతుంది. నడినెత్తి ఎండలో చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్లు పడతాయి. అందులో ఐదో వంతు విద్యుత్తుగా మారితే మొత్తం 300 వాట్లు. మంచి ఎండ రోజు ఐదు గంటల నిండు ఎండకు సమానమనుకుంటే ఒకటిన్నర యూనిట్లు. బ్యాటరీలో, మోటారులో నష్టాలు పోగా చక్రానికి ఒక యూనిట్ దక్కుతుందనుకుందాం. అంటే మన పాత లెక్క ప్రకారం 12 కిలోమీటర్లు. ఇందాకటి 460 ఎకరాల పొలం చతురస్రంగా ఉంటే దాని కంచె పొడవెంతో మీరు లెక్కగట్టండి. ఎకరా అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. ఒక్కరోజు ఎండతో ఆ కంచె చుట్టూ రెండుసార్లు తిరిగి రావచ్చునని తేలుతుంది. అయితే బండిని కొట్టంలో నీడకు పెట్టకుండా ఎండలో వదిలితేనే సుమా!